వసారాలో పచ్చ ట్రంకు

ఆ రోజు పొద్దున పాస్టరుగారి భార్య పెట్టుకున్న పని ఒక్కటే. పచ్చ ట్రంకుపెట్టె తెరవడం.

వినడానికి ఇదొక పనేనా అనిపిస్తుంది. కానీ మెథడిస్టు పాస్టరును కట్టుకున్న ఇల్లాలికి అది ఇల్లు కట్టుకున్నంత పని. మెథడిస్టు పాస్టరు కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టినవాడు. ఏటా జరిగే కాన్ఫరెన్సులో బిషపుగారు కళ్ళజోడు సవరించుకుని ఏ పాస్టరు ఏ సంఘానికో చదువుతారు. చదివాక ఇంక మాట లేదు, మూటే. వెళ్ళిన చోట ఇల్లూ సంఘానిదే, మంచమూ సంఘానిదే, చివరికి గోడమీద ఆగిపోయిన గడియారమూ సంఘానిదే. పాస్టరుదంటూ ఏదైనా ఉంటే అది ట్రంకులో ఉంటుంది.

అమ్మగారి పచ్చ ట్రంకులో ఆవిడ తల్లి ఇచ్చిన పింగాణీ పళ్ళేల సెట్టు ఉంది. పెళ్ళయిన కొత్తలో పాత దుప్పట్లలో చుట్టి పెట్టింది పెట్టినట్టే ఉంది. "కదలకుండా ఉంటామని నమ్మకం కుదిరిన ఇంట్లోనే తీస్తా" అని ఆవిడ పట్టు. ఒక్కో ఇల్లూ మారుతూ వచ్చారు, నమ్మకం మాత్రం ఎక్కడా దిగలేదు. పోయిన కాన్ఫరెన్సులో జిల్లాలోని సంఘాలన్నీ చూసుకునే సూపరింటెండెంటుగారు పాస్టరుగారి భుజం తట్టి, "ఇక్కడ కొన్నాళ్ళు వేళ్ళు దిగనివ్వవయ్యా" అన్నారు. ఆ ముక్క అమ్మగారు మనసులో నాన్చి నాన్చి, వచ్చే కాన్ఫరెన్సు నెలరోజుల్లోకి వచ్చాక ఈ రోజుకి ధైర్యం చేసింది.

"ఏవండీ, ఈసారి నిజంగా ఉంటాంగా? తెరిచాక మళ్ళీ కట్టమంటే నావల్ల కాదు, ముందే చెప్తున్నా" అంది.

"ఉంటాం" అన్నారు పాస్టరుగారు. మాటిచ్చాక కాస్త అనుమానం వచ్చింది గానీ పైకి తేలనివ్వలేదు.

ఇద్దరూ కలిసి ట్రంకును వసారాలోకి ఈడ్చారు. తాళంచెవి ఏ ఊళ్ళో పోయిందో ఎవరికీ గుర్తులేదు. తాళం తుప్పు పట్టి రాయిలా బిగుసుకుంది. కిందటి బదిలీలో కట్టిన తాడు ఇంకా దాని నడుముకే ఉంది. అమ్మగారు తాళంలో నూనె పోసి, "సాయంత్రానికి నానుతుంది, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకండి" అని చెప్పి, వంటింట్లో ఉల్లిపాయల ముందు కూర్చుంది. ముట్టుకోవడానికి ఇంట్లో ఉన్నది పాస్టరుగారొక్కరే.

ఆయన బల్ల దగ్గర కూర్చుని వచ్చే ఆదివారం ప్రసంగం గురించి ఆలోచించబోయి, పోయిన ఆదివారం ప్రసంగం గుర్తొచ్చి నీరుగారిపోయారు. 'తీసుకున్నది తిరిగివ్వండి, మాటలు మానేసినవాళ్ళతో మాట్లాడండి' అన్నది విషయం. బల్ల గుద్ది మరీ చెప్పారు. ఫలితం ఏమిటంటే, ముందు వరసలో పాటల మాస్టారు నోరు పూర్తిగా తెరిచి ఆవలించారు. ఆ ఆవలింత వెనక వరసలదాకా అంటువ్యాధిలా పాకింది.

పాటల మాస్టారికీ పాస్టరుగారికీ మాటల్లేవు. ఒక ఆదివారం ఆరాధన ఆలస్యమవుతోందని పాస్టరుగారు, "కడపటి చరణం మాత్రం పాడుకుందాం" అన్నారు. రెండో చరణం గొంతులోనే ఉన్న మాస్టారికి అది నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టయింది. ఆనాటి నుంచి ప్రసంగం మొదలుకాగానే ఆయన కాలితో తాళం వేయడం మొదలుపెడతారు. ఆమేన్ దాకా ఆపరు.

పాస్టరుగారు ఇలా విచారంలో ఉండగా, ఎదురింటి టైలరమ్మ కిటికీ తెరిచింది.

ఆవిడ స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంటుంది. కాలు తొక్కుడు మీద, చెయ్యి గుడ్డ మీద, కళ్ళు వీధి మీద ఉంటాయి. వసారాలో తాడు కట్టిన ట్రంకు కనబడగానే మిషను టక్కున ఆగింది. పాస్టరు ఇంట్లో ట్రంకు బయటికొస్తే దానికి ఇంకో అర్థం ఆ సంఘంలో ఇంతవరకూ లేదు.

అప్పుడే రంగులు వేసే ఆయన డబ్బా పట్టుకుని ఆ దారిన పోతున్నాడు.

"ఒరే తమ్ముడూ, ఇటు రా! అయ్యగారి వసారా చూడు."

చూశాడు. "అయ్యో! పెట్టె కట్టేశారే! బదిలీనా అక్కా?"

"ష్! ఆ మాట పైకి అనకు."

అనకూడదన్నది ఆ సంఘంలో కట్టుబాటు. వెనకటి పాస్టరును ఎవరో నోరు జారి, "ఎప్పుడు వెళ్తున్నారండీ?" అని అడిగితే, తనను పొమ్మంటున్నారనుకుని ఆయన వెళ్ళేదాకా ఎవరి ముఖమూ చూడలేదు. అప్పటి నుంచి సంఘపెద్ద, రిటైరైన పోస్టుమాస్టరు, గట్టిగా చెప్పేశాడు. బదిలీ మాట బిషపుగారి నోట రావాలి, లేదా పాస్టరుగారి నోట రావాలి. మనం మాత్రం ఎత్తకూడదు. అందుకని టైలరమ్మ ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తలేదు. ఇంటింటికీ వెళ్ళి, "పెట్టె బయటికొచ్చింది" అని మాత్రం చెప్పింది. పొద్దెక్కేలోపు కబురు సంఘమంతా పాకిపోయింది.

మొదట తలుపు తట్టింది ఆవిడే. చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. అది పాస్టరుగారిదేనని పాస్టరుగారే మరిచిపోయారు.

"ఎప్పుడో ఇవ్వాల్సింది అయ్యగారూ. వాడుకున్నన్నాళ్ళు వాడుకున్నా. ఇంక నా దగ్గర ఉంచుకుంటే పాపం" అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

పాస్టరుగారు ఇస్త్రీపెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇంత హఠాత్తుగా ఏమైందమ్మా?"

"మీరు నోరు విప్పకపోయినా మాకు తెలీదా ఏంటి? అన్నీ నోటితోనే చెప్పాలా?" అంటూ ఆవిడ లోపలికి తొంగి చూసింది. వంటింట్లో అమ్మగారు ఉల్లిపాయల దెబ్బకు కళ్ళు ఎర్రగా చేసుకుని ముక్కు తుడుచుకుంటోంది. టైలరమ్మ గుండె చెరువైంది. "పాపం, ఒంటరిగా కూర్చుని..." అని గొణుగుతూ గబగబా వెళ్ళిపోయింది.

ఆ వెనకే రంగులాయన భుజాన నిచ్చెనతో దిగాడు. చర్చి గోపురానికి రంగు వేస్తానని తీసుకెళ్ళిన నిచ్చెన అది. గోపురానికి రంగు పడలేదు, నిచ్చెన తిరిగి రాలేదు.

"మీ చేతికే అప్పజెప్తున్నానండీ. రేపు అడిగేవాళ్ళకి నేనేం జవాబు చెప్పుకోను?"

రేపు అడిగేవాడు అంటే పరలోకంలో కూర్చున్నవాడనే పాస్టరుగారు అనుకున్నారు. "నిన్ను ఇంతగా కదిలించింది ఏంటి నాయనా?"

"వసారాలోకి చూడగానే గుండె ఆగినంత పనైందండీ" అన్నాడు రంగులాయన.

వసారాకీ తన ప్రసంగానికీ సంబంధమేమిటో పాస్టరుగారికి అంతుపట్టలేదు. బహుశా ఆ వసారాలో నిలబడి ఏదో దర్శనం చూశాడేమో! ఆ తర్వాత పాలాయన రెండు బెంచీలు మోసుకొచ్చాడు. స్త్రీల సమాజంవాళ్ళు విందులకు వాడే పెద్ద గిన్నె దొర్లించుకుంటూ తెచ్చారు. ఒకాయన గొడుగు ఇచ్చి, అది తనదేమోనని కాసేపు అనుమానపడి, అయినా ఇచ్చేసి వెళ్ళాడు. ఎవరూ విషయం చెప్పరు. అందరూ చెయ్యి పట్టుకుంటారు, కళ్ళల్లోకి చూస్తారు, నిట్టూరుస్తారు.

"ఏమే, విన్నావా? ప్రసంగం పనిచేసింది!" పాస్టరుగారు వంటింటి గుమ్మంలో నిలబడి గాల్లో తేలుతున్నట్టుగా అన్నారు.

అమ్మగారు కత్తి ఆపింది. "ఎవరిది?"

"నాదే!"

"ఆదివారం చెప్పింది బుధవారానికి ఎక్కిందా?"

"కొన్ని విత్తనాలు నెమ్మదిగా మొలుస్తాయి."

"మొలవనివ్వండి గానీ ఆ నిచ్చెన నా పెట్టెకి తగలకుండా చూడండి" అని ఆవిడ మళ్ళీ ఉల్లిపాయల్లో పడింది.

ఇంతలో గేటు చప్పుడైంది. పాటల మాస్టారు! పాస్టరుగారు కిటికీలోంచి చూశారు. మాస్టారు వసారా మెట్ల దగ్గరే ఆగి, ట్రంకు వంక అలాగే చూస్తూ నిలబడ్డారు. ముఖంలో రక్తపుచుక్క లేదు.

దానికి కారణం ఆయనకొక్కరికే తెలుసు. పోయిన వారం ఆయన ఎవరికీ చెప్పకుండా సూపరింటెండెంటుగారి ఇంటికి వెళ్ళి, "మా పాస్టరును మార్చండి, పాటకి విలువివ్వని మనిషి" అని చెప్పి వచ్చారు. ఏదో కడుపుమంట తీరేలా చెప్పారే గానీ ఇంత తొందరగా పెట్టె కట్టిస్తారని అనుకోలేదు. ఆ ట్రంకు మీద తన పేరు రాసి ఉన్నట్టు అనిపించింది.

లోపలికి వచ్చీ రాగానే ఆయన పాస్టరుగారిని గట్టిగా కౌగిలించుకున్నారు. పాస్టరుగారి కళ్ళజోడు ఒక చెవికి వేలాడింది.

"నన్ను క్షమించండి. చరణాలదేముంది! రెండు పోతే రెండు. మీ మనసులో ఏమీ పెట్టుకోవద్దు."

"లేదు మాస్టారూ, తప్పు నాదే. నేను మధ్యలో ఆపకుండా ఉండాల్సింది."

"అయ్యో, అలా అనకండి, నన్నింకా చంపకండి!" అంటూ మాస్టారు ముక్కు చీదుకుని, మళ్ళీ ట్రంకు వంక చూడకుండా ముఖం పక్కకు తిప్పుకుని పిల్లిలా జారుకున్నారు.

ఇంక పాస్టరుగారికి కాలు నిలవలేదు. నిచ్చెన రావడం వేరు, పాటల మాస్టారు రావడం వేరు. వెంటనే సూపరింటెండెంటుగారికి ఫోన్ చేశారు.

"అయ్యా, మా సంఘంలో ఉజ్జీవం వచ్చింది, అందరి మనసులూ మేలుకున్నాయి! సాయంత్రం ప్రార్థనకి మీరు తప్పకుండా రావాలి."

"ఉజ్జీవమా? మీ సంఘంలోనా?"

"అవునండీ. పాటల మాస్టారు నన్ను కౌగిలించుకున్నారు."

"ఎవరు, ఆ పాటల మాస్టారేనా? సన్నగా, పొడుగ్గా ఉంటాడు?"

"ఆయనేనండీ."

"వస్తున్నాను. ఎలాగూ నీతో ఒక మాట చెప్పాల్సి ఉంది" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆ ఒక మాట ఏమిటో పాస్టరుగారు ఆలోచించలేదు. మెచ్చుకోలే అయి ఉంటుందనుకున్నారు.

మధ్యాహ్నం పోస్టుమాస్టరు పంపించాడంటూ ఒక వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "పెద్దాయన పంపారండీ, సామాను ఎక్కడికి చేర్చాలి?" అన్నాడు.

పోస్టుమాస్టరుది ఎంత ముందుచూపు అనుకున్నారు పాస్టరుగారు. తిరిగొచ్చిన బెంచీలూ, గిన్నే, నిచ్చెనా వసారా నిండా అడ్డంగా పడి ఉన్నాయి మరి. "అన్నీ చర్చికే నాయనా. వసారాలో ఉన్నవన్నీ ఎక్కించు" అని, సాయంత్రం ప్రార్థనకి పాటలు వెతుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయారు. అన్ని చరణాలూ ఉన్న పాటలే వెతికారు.

కాసేపటికి వసారాలోంచి కేక వినబడింది.

"ఏవండీ! నా పెట్టేదీ?"

వసారా అద్దంలా ఖాళీగా ఉంది. ట్రంకు ఉన్నచోట నూనె మరక ఒక్కటే గుండ్రంగా మిగిలింది. పాస్టరుగారు నీళ్ళు నమిలారు. "వ్యాను... చర్చికి... నేను బెంచీలనుకుని..."

"బెంచీలూ పెట్టే ఒకేలా ఉంటాయా మీ కంటికి? లోపల పింగాణీ అండీ! ఆ డ్రైవరు గతుకులు చూసి మరీ తోలే రకం!" ఆవిడ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా చర్చి వైపు నడిచింది. వెనకాలే పాస్టరుగారు పాటల పుస్తకం చంకలో పెట్టుకుని పరుగెత్తారు.

బుధవారం ప్రార్థనకి ఎప్పుడూ నలుగురైదుగురు వస్తారు. వాళ్ళలో ఒకరు నిద్రపోవడానికి వస్తారు. ఆ సాయంత్రం చర్చిలో కాలు పెట్టే చోటు లేదు. తిరిగొచ్చిన బెంచీలు కూడా నిండిపోయాయి. బలిపీఠం ముందు, నట్టనడుమ, తెల్లగుడ్డ పరిచిన బల్లమీద పచ్చ ట్రంకును పెట్టి దానిమీద పూలగుత్తులు పేర్చారు స్త్రీల సమాజంవాళ్ళు. డ్రైవరు ట్రంకును దించి, "అయ్యగారు ఇక్కడికే పంపమన్నారు" అంటే, వీడ్కోలుకు ముందు ఆశీర్వాదం కోసం పంపారనుకున్నారు వాళ్ళు. అమ్మగారు దాన్ని చేరుకోబోతే టైలరమ్మ అడ్డుపడి వాటేసుకుంది. "ఏడవకండమ్మా, ఏడవకండి" అంటూ ఊపిరాడనివ్వకుండా ముందు వరసలో కూర్చోబెట్టింది.

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటుగారు గుమ్మంలో అడుగుపెట్టారు. ముందు పెట్టె, పెట్టెమీద పూలు, చుట్టూ ముక్కులు చీదుకుంటున్న జనం కనబడ్డారు. చప్పున తలమీద టోపీ తీసి, పక్కనున్న రంగులాయన చెవిలో మెల్లగా అడిగారు.

"ఎవరు పోయారు?"

"ఇంకా పోలేదండీ. పోబోతున్నారు" అన్నాడు రంగులాయన గద్గదంగా.

సూపరింటెండెంటుగారు టోపీ గుండెకు ఆనించుకుని వెళ్ళి ముందు కూర్చున్నారు.

పాస్టరుగారు లేచారు. పూలు చూసి ఆయన కూడా కొంచెం కంగారుపడ్డారు గానీ, ఉజ్జీవంలో ఇలాంటివి ఉంటాయేమోనని సరిపెట్టుకున్నారు. "ఈ రోజు మీ అందరిలో గొప్ప మార్పు చూశాను. మనసులో ఉన్నది చెప్పదలిచినవాళ్ళు లేచి చెప్పండి" అన్నారు.

అంతే, గేట్లు ఎత్తినట్టయింది. రంగులాయన, "అయ్యగారిలాంటి మనిషిని గోపురమెక్కి వెతికినా దొరకరు" అన్నాడు, గోపురం ఎక్కనివాడు. ప్రసంగాలు పొడుగని రోజూ గొణిగే పాలాయన, ఆ ప్రసంగాలు వినకపోతే తనకు నిద్ర పట్టదన్నాడు. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ విన్నారు. అమ్మగారు మాత్రం ట్రంకు వంకే చూస్తూ, అది ఏ మూలన సొట్టపడిందా అని వెతుకుతోంది.

చివరికి పాటల మాస్టారు లేచారు. గొంతు సవరించుకున్నారు.

"ఇలాంటి పాస్టరు మనకి మళ్ళీ రారు. పాటంటే ప్రాణం ఆయనకి. ఆయన్ని నొప్పించినవాడు ఎవడైనా ఉంటే వాడంత కఠినాత్ముడు లేడు. ఇంకో పాస్టరు ఈ వేదికెక్కితే నా గొంతు పెగలదు. ఇది సంఘమంతటి ముందూ చెప్తున్నా."

సూపరింటెండెంటుగారు కళ్ళు తేలేశారు. కాసేపు మాస్టారు వంక, కాసేపు పెట్టె వంక చూసి మెల్లగా లేచారు.

"పాస్టరుగారూ, అసలు మీరు ఎక్కడికి వెళ్తున్నారు?"

"నేనా? ఎక్కడికండీ?"

పోస్టుమాస్టరు నిలబడ్డాడు. "అదేంటి అయ్యగారూ! పెట్టె కట్టారు, వసారాలో పెట్టారు, అమ్మగారు ఏడ్చారు..."

"ఏడ్చింది ఉల్లిపాయలకి!" అమ్మగారు ఇంక ఆగలేదు. "పెట్టె కట్టలేదు, తెరుద్దామని బయటపెట్టాం. తాళం రాకపోతే నూనె పోశాను. ఇక్కడే ఉంటామని ఇన్నాళ్ళకి తెరవబోతే, మీరంతా కలిసి దానికి పూలు పెట్టారు!"

పాస్టరుగారికి ఒక్కొక్కటే వెలిగింది. ఇస్త్రీపెట్టె, నిచ్చెన, బెంచీలు, కౌగిలింత. ఒక్కో దీపం వెలిగినకొద్దీ ముఖం చీకటి పడింది. ప్రసంగం ఎవరి గొంతూ దిగలేదన్నమాట. ట్రంకు దిగింది.

"దాచడమెందుకు" అన్నారు సూపరింటెండెంటుగారు. "నేను ఈ రోజు వచ్చింది బదిలీ సంగతి చెప్పడానికే. రేపు బిషపుగారికి ఈయన పేరు ఇద్దామనుకున్నాను."

"ఆఁ!" అంది సంఘం ఒక్క గొంతుతో. పాటల మాస్టారు ఎంత నేర్పినా వాళ్ళు అంత శ్రుతిలో ఎన్నడూ పలకలేదు. అమ్మగారి చెయ్యి వెళ్ళి ట్రంకు తాడు మీద పడింది.

"ఈయన ఉంటే సంఘానికి మంచిది కాదని నాతో ఒకరు చెప్పారు. ఎవరన్నది వదిలేయండి." ఆయన చూపు ఎవరినీ వదిలేయకుండా తిన్నగా పాటల మాస్టారి మీద ఆగింది. "చెప్పినవారి మాట నేను గౌరవిస్తాను. అప్పుడు చెప్పిందైనా సరే, ఇప్పుడు చెప్పిందైనా సరే. మాస్టారూ, ఏం చేయమంటారు? ఉండమననా, పంపించనా?"

తలలన్నీ మాస్టారి వైపు తిరిగాయి. పాస్టరుగారు ఇంట్లో ఇచ్చిన మాట అక్కడ ఆ సన్నటి మనిషి నాలుక చివర వేలాడుతోంది. మాస్టారి కాలు అలవాటుగా నేలమీద రెండు తాళాలు వేసి, మూడోది వేయలేక ఆగింది. సంఘమంతటి ముందూ చెప్పింది ఇంకా గాల్లోనే ఉంది.

"ఉండమనండి" అన్నారు. ఆయన గొంతులో అంత కింది స్థాయి ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

చప్పట్లు మోగాయి. ఆ హడావిడిలో రంగులాయన ఆనందం పట్టలేక ట్రంకు మీద చరిచాడు. పొద్దుటి నుంచీ నానిన తాళం టప్పున ఊడి కిందపడింది. అమ్మగారు పూలు పక్కకు నెట్టి, తాడు విప్పి, దుప్పట్లు తీసి పళ్ళేలు ఒక్కొక్కటే బల్లమీద పెట్టింది. ఇన్ని ఊళ్ళు తిరిగినా చెక్కుచెదరని సెట్టులో ఒక పళ్ళెం ఇంటి నుంచి వీధి చివరి చర్చికి వచ్చేలోపు రెండు ముక్కలైంది. ఆవిడ ఆ ముక్కలు డ్రైవరుకు చూపించి, ఏమీ అనకుండా మిగిలినవాటిలో అందరికీ బిస్కెట్లు పెట్టింది. పాటల మాస్టారికి రెండు ఎక్కువ పెట్టింది. ఆయన తినలేక తిన్నారు.

తెల్లారాక రంగులాయన వచ్చి, "గోపురం పని ఇంకా ఉందికదండీ" అని నిచ్చెన తీసుకెళ్ళాడు. టైలరమ్మ ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళింది. గొడుగాయన తీరిగ్గా వచ్చి, ఆ గొడుగు తనదేనని తేలిందన్నాడు. ఆదివారం పాటల మాస్టారు ఉన్న చరణాలన్నీ పాడించి, చివరిది రెండుసార్లు పాడించారు. ప్రసంగం మొదలవగానే కాలితో తాళం అందుకున్నారు.

మధ్యాహ్నం భోజనానికి పాస్టరుగారు పింగాణీ పళ్ళెం ముందు కూర్చున్నారు. "అయినా ప్రసంగం కొంచెమైనా పనిచేయకుండా ఉండదే" అన్నారు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

అమ్మగారు వడ్డిస్తూ అడిగింది. "వచ్చే వారం దేనిమీద?"

"ఆరాధనకి ఆలస్యంగా రావడం మీద."

"అయితే శనివారమే ఆ పెట్టె వసారాలో పెట్టిస్తాను."